గడకర్ర మీద బోర్లించిన డబ్బా

శనివారం పొద్దున అయాలెవ్ చెయ్యవలసిన పని ఒక్కటే. సంతకు వెళ్లి గేషో ఆకు కొనాలి, తెచ్చిన ఆకును భార్య తిరిగి వచ్చేదాకా భద్రంగా ఉంచాలి. దంగ్లా ఊళ్లో ఈ పాటి పని చేతకాని మగవాడు లేడు. ఒకడున్నాడని అతని భార్య లాకెచ్ అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆమె దగ్గర సాక్ష్యం కూడా ఉంది.

గేషో పడనిదే తెల్లా అనే ఆ బార్లీ కల్లు లేదు. బార్లీ ఎంత బాగా వేయించినా, కుండకు ఎంత పొగ పట్టించినా, ఆ చేదాకు పడకపోతే తయారయ్యేది పులిసిన గంజి. అది మహ్బెర్‌లో ఎవరి ముందూ పెట్టేది కాదు. నెలకోసారి మికాయేలు దేవదూత పేరున ఒక్కో ఇంట్లో కూడే ఆ మహ్బెర్ కిందటిసారి వీళ్లింటికి వచ్చినప్పుడు, జీవితమంతా ప్రభుత్వ ధాన్యం గోదాము చూసి రిటైరైన అయాలెవ్, గేషోను శాస్త్రప్రకారం సామాన్ల గదిలో అన్నిటికన్నా పొడిగా ఉన్న మూలలో పెట్టాడు. ఆ మూలలోనే కిరసనాయిలు డబ్బా ఉంది. సభ్యులు పెద్దమనుషులు కాబట్టి ఏమీ అనలేదు. తలా ఒక గుక్క తాగి, దేవదూతను స్మరించి, కప్పులు నిండుగానే కింద పెట్టి, ఆ ఏటి వానల గురించి మాట్లాడుకున్నారు.

పక్కింటి బజునెష్ మహ్బెర్ మనిషి కాదు, తెల్లా అమ్ముకునే మనిషి. "లాకెచ్ తెల్లా దీపంలో పోసుకుంటే తెల్లవార్లూ వెలుగుద్దంట" అని ఒక మాట అంది. ఆ మాట సంత దాటి, బస్టాండు దాటి, లాకెచ్ పుట్టిన ఊరిదాకా వెళ్లింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. లాకెచ్ మహ్బెర్‌కు వెళ్లేది, ఓ మూల కూర్చునేది, వచ్చేసేది.

ఇప్పుడు మళ్లీ వంతు వచ్చింది. లాకెచ్ మొలకకట్టిన బార్లీ కోసం చీకటితోనే అక్క ఊరికి బస్సెక్కుతూ, భర్తకు మరోసారి చెప్పింది.

"ఆకు నలిపితే చేతికి పచ్చగా అంటాలి. నమిలితే నాలిక్కి కాదు, గొంతుకి తగలాలి చేదు. పైపైన చూసి కొనకు, తూకం పెరగాలని నీళ్లు చల్లుతారు, లోపలికి చెయ్యి పెట్టి చూడు. తెచ్చాక తడి తగలకూడదు, వాసన పట్టకూడదు, మేక ముట్టకూడదు. మావాళ్లెవరైనా సంతకొచ్చి ఇంట్లోకి తొంగిచూస్తే కాస్త మర్యాద చెయ్యి. వింటున్నావా?"

"గోదాము నడిపినవాడికి గేషో దాచడం చెప్తున్నావా?" అన్నాడు అయాలెవ్.

లాకెచ్ ఎప్పటిలా విసుక్కోలేదు. "ఈసారి కూడా కప్పులు నిండుగా మిగిలితే నేను మహ్బెర్ మానేస్తానయ్యా. ఆ ముఖాలు మళ్లీ చూడలేను" అని మెల్లగా అని బస్సెక్కింది. ఆమె కోప్పడకపోవడంతో అయాలెవ్‌కు నిజంగా భయం వేసింది.

అంచేత సంతలో అతను చాలా గంభీరంగా ప్రవర్తించాడు. గేషో రాశుల ముందు ఒక్కొక్క చోటా ఆగి, ఆకు నలిపి, అరచెయ్యి ఎండకు పెట్టి చూసి, నమిలి, కళ్లు మూసుకున్నాడు. మూడో రాశి దగ్గరికి వచ్చేసరికి నోరంతా చేదైపోయి, ఇక తన ఉమ్ము కూడా మేలురకం గేషోలాగే ఉంది. అందుకని ఆకును వదిలేసి అమ్మేవాళ్ల ముఖాలు పరీక్షించి, అందరిలోకీ తక్కువ మాట్లాడిన ముసలమ్మ దగ్గర కొన్నాడు. లోపలికి చెయ్యి పెట్టి చూడాలన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. పెట్టి చూస్తే గోనెసంచి నడిమధ్యన ఆకు చెమ్మగా ఉంది.

లాకెచ్ వచ్చేలోగా అది ఆరాలి. వంటింట్లో పెడితే పొగ. పడకగదిలో పెడితే సాంబ్రాణి. సామాన్ల గది పేరు ఎత్తడానికి వీల్లేదు. నేల మీద పరిస్తే మేక. అయాలెవ్ పెరట్లో నిలబడి, ఎండ ఎటునుంచి పడుతోందో, గాలి ఎటు వీస్తోందో చూసి, దడి పక్కన నీలగిరి గడ ఒకటి పాతి, సంచి మూతి వదులు చేసి దానికి భుజం ఎత్తున కట్టాడు. గాలి తగిలింది, ఎండ తగిలింది, మేకకు అందలేదు. ఇంతలో ఒక కాకి వచ్చి గడ కొసన వాలి, సరిగ్గా సంచి మూతి వైపు తోక తిప్పి కూర్చుంది. దానికీ గోదాములో ఒక ఉపాయం ఉండేది. అయాలెవ్ ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి గడ కొసన బోర్లించాడు. నున్నటి డబ్బా మీద కాకికి కాలు ఆనదు. అతను వెనక్కి వచ్చి చూసుకున్నాడు. లాకెచ్ చెప్పిన వాటిలో ఒక్కటీ తప్పలేదు.

పెరట్లోంచి చూస్తే అది గాలికి ఆరబెట్టిన గేషో సంచి. కానీ దడి మనిషెత్తు ఉంది. బజారులోంచి చూస్తే సంచి కనబడదు, గడ కొసన బోర్లించిన డబ్బా ఒక్కటే కనబడుతుంది. గడ కొసన డబ్బా బోర్లించి ఉంటే లోపల తెల్లా అమ్ముతారని ఆ దేశంలో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. అయాలెవ్‌కూ తెలుసు. అతను కాకి గురించి ఆలోచిస్తున్నాడు, అంతే.

సంత చేసుకుని దాహంతో వస్తున్న ముగ్గురు పల్లెటూరి మనుషులు లోపలికి వచ్చారు. వాళ్లలో పెద్దవాడు గిజావ్ అనే బండివాడు. "అయ్యగారూ, బాగున్నారా? ఇంట్లో అంతా బాగున్నారా? పశువులు బాగున్నాయా?" అని వరసగా అడిగి బల్ల మీద కూర్చున్నాడు. వీళ్లే లాకెచ్ మనుషులని అయాలెవ్ నిశ్చయించుకున్నాడు. ఇంటికొచ్చినవాణ్ణి నువ్వెవరు, ఎందుకొచ్చావని అడగడం కన్నా కొట్టడం నయం. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాడు.

"ఇక్కడ చేతులు కూడా కడిగిస్తారా!" అన్నాడు గిజావ్ ఆశ్చర్యంగా. "అయితే తీసుకురండి మరి."

ఇంట్లో తెల్లా చుక్క లేదు. అయాలెవ్ పెరటి దడి సందులోంచి దూరి బజునెష్ దగ్గర ఒక కూజా కొనుక్కొచ్చాడు. వడ్డించే ముందు నిలబడి ప్రార్థన చేశాడు. వాళ్లూ టోపీలు తీసి నిలబడ్డారు. అంత భక్తిగా నడిచే తెల్లా ఇల్లు వాళ్లెన్నడూ చూడలేదు. ఒకడు ఏదో హాస్యమాడబోతే గిజావ్ మోచేత్తో పొడిచాడు. తాగాక గిజావ్ డబ్బు తీశాడు.

"అదేమిటి! వద్దు, వద్దు. అవమానం చెయ్యకు" అన్నాడు అయాలెవ్.

"ఊరికే తాగిపోతామా అయ్యగారూ? తీసుకోకపోతే మాకు అవమానం."

మహ్బెర్ ఖర్చుకు పుట్టింటివాళ్లు ఇస్తున్నారు కాబోలని అయాలెవ్ కళ్లు చెమర్చాయి. ఒక పళ్లెం తెచ్చి పెట్టాడు. ఇంతలో మరికొందరు వచ్చారు, వాళ్లను చూసి ఇంకొందరు వచ్చారు. లాకెచ్‌కు ఇంతమంది బంధువులున్నారని అతనికి పెళ్లయిననాటినుంచీ ఎవరూ చెప్పలేదు. బల్లలు నిండితే గోడ వారన వరసగా కూర్చున్నారు. ముందు వచ్చినవాళ్లు మెదలకుండా కూర్చోవడం చూసి వెనక వచ్చినవాళ్లూ నోరెత్తలేదు. అయాలెవ్ గాబీ దుప్పటి తలమీదుగా కప్పుకుని, చేతులు కట్టుకుని, వాళ్లకు ఎదురుగా కూర్చున్నాడు.

అయాలెవ్ దడి సందులోంచి మళ్లీ మళ్లీ కూజాతో రావడం చూసి బజునెష్‌కు అనుమానం వచ్చింది. ఆమె ఇంటి ముందు డబ్బా కింద సంతరోజు మధ్యాహ్నం మనిషన్నవాడు లేడు. వీధిలోకి వచ్చి చూస్తే పక్కింటి గడ మీద ఇంకో డబ్బా మెరుస్తోంది. ఆమె కొప్పు ముడేసుకుని తిన్నగా నెగాష్ ఇంటికి వెళ్లింది. నెగాష్ ఆ పేట ఇద్దిర్ సంఘానికి పెద్ద. ఎవరు పోయినా బాకా ఊదించడం, డేరా వేయించడం, ఏడవడానికి రానివాళ్లకు జరిమానా వెయ్యడం ఇద్దిర్ పని. బతికున్నవాళ్ల తగాదాలు కూడా ఎలాగూ అతని దగ్గరికే వచ్చేవి.

"నా గుమ్మం పక్కనే దుకాణం పెట్టాడు బాబాయ్! అదీ నా తెల్లాతోనే! ఇదేం న్యాయం?"

"అయాలెవా? పింఛను తీసుకునేవాడా?" అని నెగాష్ కర్ర తీసుకుని బయల్దేరాడు. దడి తలుపు దగ్గర ఆగి లోపలికి చూశాడు. గోడ వారన మగవాళ్లు వరసగా, తలలు వంచుకుని కూర్చున్నారు. మధ్యలో పళ్లెంలో డబ్బు. అయాలెవ్ గాబీ ముసుగులో బొమ్మలా ఉన్నాడు. లాకెచ్ ఎక్కడా కనబడలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు ఎదురుగా కూర్చునే ఉన్నారు. నెగాష్ తల మీది టోపీ తీసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

"సిగ్గులేదటే నీకు?" అన్నాడు వెనకే వచ్చిన బజునెష్‌తో. "పరామర్శకొచ్చినవాళ్ల గొంతు తడుపుదామని పాపం నీ దగ్గర కొనుక్కెళ్తే, దుకాణమంటావా? లాకెచ్ పోయిందే!"

బజునెష్ అక్కడే నేల మీద కూలబడింది.

బాకావాడు ముందు పై పేటలో ఊదాడు. అయాలెవ్‌కు ఆ ఊదడం దూరంగా వినబడింది గానీ, వెంట అరిచిన పేరు వినబడలేదు. ఎవరో పుణ్యాత్ములు అనుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. కాసేపటికి ఇద్దిర్ కుర్రాళ్లు డేరా గుడ్డ, బల్లలు మోసుకొచ్చారు. మహ్బెర్‌కు బల్లలు అడగాలని లాకెచ్ అనుకుంటూ ఉండేది, అడిగే ఉంటుంది.

"ఇంత తొందరేముంది నాయనా? ఇంకా టైముంది కదా?" అన్నాడు అయాలెవ్.

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీరు కూర్చోండయ్యా. మేం చూసుకుంటాం" అన్నాడొకడు. డేరాకు నడిమి రాట తక్కువైతే వాళ్ల కళ్లు నీలగిరి గడ మీద పడ్డాయి. ఊడబెరికారు. డబ్బా దొర్లుకుంటూ పోయింది, సంచి కింద పడింది.

"జాగ్రత్త! అది లాకెచ్ గేషో! ఎంత ఆశపడి తెప్పించుకుందో!" అని అరిచాడు అయాలెవ్.

గడ పట్టుకున్న కుర్రాడు ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. తరవాత ఆడవాళ్లు వచ్చారు. గుమ్మంలోనే గుండెలు బాదుకుంటూ, రాగం తీసి ఏడుస్తూ డేరాలోకి నడిచారు. అప్పటికి అయాలెవ్‌కు తెలిసింది, ఇది మహ్బెర్ డేరా కాదు, చావు డేరా. తన పెరడు పెద్దదని ఎవరి చావుకో ఇక్కడ వేశారన్న మాట. చావులో అనుమతి ఎవరడుగుతారు? అయితే పోయింది ఎవరన్నది మిగిలిపోయింది. ఏడ్చే మనిషిని పట్టుకుని ఎవరు పోయారని అడిగితే పరువుంటుందా? అయాలెవ్ ఇద్దిర్‌లో క్రమం తప్పని సభ్యుడు. ముందు ఏడవడం మొదలుపెట్టాడు. కాసేపు ఏడ్చాక, పక్కన వెక్కివెక్కి ఏడుస్తున్న గిజావ్ వైపు వంగాడు.

"ఏమనుకోకు తమ్ముడూ. పోయింది ఎవరు?"

"నాకేం తెలుసు అయ్యగారూ! మేం తాగడానికొచ్చాం. ఇంతమంది ఏడుస్తుంటే లేచిపోతే బాగోదని కూర్చున్నాం."

"తాగడానికా? మీరు లాకెచ్ మనుషులు కారూ?"

"ఏ లాకెచ్? వీధిలో డబ్బా చూసి వచ్చాం."

అయాలెవ్ గడ కేసి చూశాడు. అది డేరాను మోస్తోంది. డబ్బా మేక కాళ్ల దగ్గర పడుంది. అతనికి డబ్బా సంగతి అర్థమవుతున్న ఆ క్షణంలోనే, బజునెష్ డేరా మధ్యలో నిలబడి గొంతెత్తింది.

"ఓ లాకెచ్! నా తల్లీ లాకెచ్! నీ తెల్లా మీద పాడు మాటన్న నోరిదే! నీ తెల్లా తాగినవాడు ఇంకో ఇంట తాగాడా? నీలా గేషో పాళ్లు తెలిసిన ఇల్లాలేది?"

"ఏది, ఏది?" అని ఆడవాళ్లు అందుకున్నారు.

"అలాంటి తెల్లా ఇక మనం తాగబోం" అన్నాడు నెగాష్, అందరికీ వినబడేలా. మహ్బెర్ సభ్యులంతా అక్కడే ఉన్నారు. అందరూ తలలూపారు, కొందరు ఏడ్చారు.

అయాలెవ్ మాత్రం ఆ ఒక్క పేరు దగ్గరే ఆగిపోయాడు. ఇద్దిర్ బాకా ఊదిందంటే తప్పు ఉండదు. లాకెచ్ వెళ్లిన ఊరి దారిలో బస్సులు ఎలా నడుపుతారో అందరికీ తెలుసు. ఊరందరికీ తెలిశాక చివరికి తనకు తెలిసింది. "గోదాము నడిపినవాడికి గేషో దాచడం చెప్తున్నావా" అన్నదే తాను ఆమెతో అన్న ఆఖరు మాట. అతను గాబీ నోట్లో కుక్కుకుని, అంతవరకూ ఏడ్చినట్టు కాకుండా ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే లాకెచ్ బార్లీ మూట నెత్తిన పెట్టుకుని వీధి మలుపు తిరిగింది. తన ఇంట్లో డేరా. లోపల ఏడుపులు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె వీధిలో ఉంది. మూట జారి బార్లీ అంతా బాట మీద పోయింది.

"అయాలెవ్! నా అయ్యా! కిరసనాయిలు గురించి నిన్ను ఇన్నాళ్లు సాధించానే! ఎక్కడ పెడితేనేం, తాగకపోతేనేం, నువ్వుంటే చాలదా నాకు!" అని గుండెలు బాదుకుంటూ ఆమె డేరాలోకి వచ్చి పడింది.

డేరాలో అందరూ రాగం ఆపి ఆమె వైపు తిరిగారు. ఒక ముసలమ్మ మాత్రం లాకెచ్‌ను చూసి, అలవాటు కొద్దీ జరిగి చోటిచ్చింది. గాబీలోంచి అయాలెవ్ తల బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురి ముందు వాళ్లు ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు.

"బతికే ఉన్నావా?" అంది లాకెచ్.

"ఉన్నాను. నువ్వు?"

"ఉన్నట్టే ఉంది." ఆమె ముక్కు తుడుచుకుని, డేరా గుడ్డ, నడిమి రాట, పళ్లెం, గిజావ్, అన్నిటినీ ఒకసారి కలయజూసింది. "గేషో ఏదీ?"

అయాలెవ్ నేల వెతికాడు. డబ్బా ఉంది, సంచి లేదు. మేకను అనుమానంగా చూశాడు. వెనకనుంచి బజునెష్ గొంతు సన్నగా వినిపించింది.

"మేక మూతి పెడుతుంటే నేనే తీసుకెళ్లాను. పొద్దున్నే పొగ పట్టించిన కుండ ఖాళీగా ఉంది. అందులో నానేసేశాను."

"నా గేషో నీ కుండలో వెయ్యమని నీకెవరు చెప్పారే?"

"నువ్వు చచ్చిపోయావు కదే! నలభయ్యోనాటి సంతర్పణకి నీ తెల్లా లేకపోతే ఎట్లా అని! నిన్ను అన్నదానికి ఆ మాత్రమైనా చెయ్యాలని..." అని బజునెష్ మళ్లీ ఏడుపు అందుకుంది. ఈసారి అది రాగం లేని ఏడుపు.

వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవన్న సంగతి డేరాలో అందరికీ గుర్తుంది. "ఆకు చెమ్మగా లేదూ?" అని అడిగింది లాకెచ్.

"నడిమధ్యన కాస్త. ఏరి ఎండలో వేసి, మిగిలింది నానేశాను. మంచి ఆకే. నలిపితే పచ్చగా అంటింది."

అయాలెవ్ మొహం వెలిగింది. తక్కువ మాట్లాడిన ముసలమ్మ సంగతి చెప్పబోయాడు గానీ లాకెచ్ ఒక చూపు చూసేసరికి మానుకున్నాడు.

పళ్లెంలో డబ్బు బజునెష్‌కు ఇచ్చారు, తెల్లా ఆమెదే కాబట్టి. గిజావ్, అతని వెంట వచ్చినవాళ్లు బాట మీద పడ్డ బార్లీ ఏరిపెట్టి వెళ్లారు. డబ్బాను లాకెచ్ స్వయంగా రాయితో చదును చేసి కోళ్ల గూటికి రేకుగా వేసింది. కుండ మాత్రం కదిపితే చెడుతుందని బజునెష్ ఇంట్లోనే ఉంచారు. లాకెచ్ రోజూ దడి సందులోంచి దూరి వెళ్లేది. మొదటి రోజు ఇద్దరూ కుండతోనే మాట్లాడారు. తరవాత తెల్లాలో వేసే రొట్టె ఎంత మాడ్చాలన్నదాని మీద పెద్ద గొడవ పడ్డారు. ఆ గొడవ విని అయాలెవ్‌కు మనసు కుదుటపడింది.

మహ్బెర్ రోజున బజునెష్ ఆ ఇంట్లో అతిథిగా కూర్చుంది. ప్రార్థన అయ్యాక లాకెచ్ వడ్డించి, గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా కప్పుల వంకే చూస్తూ ఉండిపోయింది. మొదటి కప్పు సభ్యులందరూ ఖాళీ చెయ్యక తప్పలేదు. ఆ తెల్లా గురించి డేరా కింద ఏడుస్తూ అన్న మాటలు ఊరంతా విన్నది, ఇప్పుడు కాదంటే ఆ కన్నీళ్లు అబద్ధమవుతాయి. అందుకని ఊపిరి బిగబట్టి తాగారు. తాగి, ఒకరినొకరు చూసుకుని, రెండో కప్పు అడిగి తీసుకున్నారు. వానల సంగతి ఎవరూ ఎత్తలేదు. లాకెచ్ వంటింట్లోకి వెళ్లి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, కూజా నింపుకుని వచ్చింది.

"ఎప్పుడు వేశావమ్మా దీన్ని? ఇంత బాగా పక్వానికి వచ్చింది!" అన్నాడు నెగాష్, కప్పు చాపుతూ.

"నేను చచ్చిపోయిన రోజున" అంది లాకెచ్, కూజా వంచుతూ.

నెగాష్ కాసేపు కప్పులోకి చూసి, శిలువ గుర్తు వేసుకుని, అడుగు దాకా తాగాడు.